వైపర్ నీళ్ళు

జీపు కొన్నప్పటి నుంచి సోమశేఖర్‌కు ఒక జబ్బు పట్టుకుంది. ఎవరు కనబడినా సరే, బండి చుట్టూ ఒకసారి తిప్పి చూపించేదాకా వదలడు. మనిషి చేసేది ఊరిగాంలో ఒక ప్రైవేటు పాలిటెక్నిక్‌లో ఆఫీసు మేనేజరు పని. ఇల్లు కాలేజీ వెనక వీధిలోనే. ఆ కాస్త దూరానికి కొండలెక్కే జీపు ఎందుకో కట్టుకున్న భార్యకే అర్థం కాలేదు, ఇక మనకేం అర్థమవుతుంది?

ఆదివారం వచ్చిందంటే స్నేహితులతో కలిసి చాంపియన్ రీఫ్స్ వైపు పోయేవాడు. మూతపడిన గనుల పక్కన అక్కడ మట్టిదిబ్బలు గుట్టల్లా పడి ఉంటాయి. రాయిని పిండిచేసి బంగారం తీసుకున్నాక పారబోసిన మట్టి అది. జనం సైనైడ్ దిబ్బలనే అంటారు. గాలి లేస్తే ఆ పొడి వచ్చి అద్దానికి అతుక్కుంటుంది. మామూలు జీపుల్లో బానెట్ మీది బెజ్జాల్లోంచి నీళ్ళు చిమ్ముతాయి కదా, అవి సగం గాలికి పోతాయి, మిగతా సగం పొడితో కలిసి అద్దం మీద బురదవుతుంది. దిబ్బ మధ్యలో అలా అద్దం మూసుకుపోయి ఒకసారి బండి పక్కకు ఒరిగింది. ఆ దెబ్బకు సోమశేఖర్ కొత్త వైపర్లు వేయించుకున్నాడు.

వేసింది మునేష్. ఇద్దరూ స్కూలు నాటి స్నేహితులు. మునేష్‌కు రాబర్ట్‌సన్‌పేటలో జీపు సామాన్ల అంగడి ఉంది. ఈ వైపర్ల గొప్ప ఏమిటంటే, వైపర్ రెక్కలోనే సన్నటి నీళ్ళ పైపు ఉంటుంది. దాని పొడవునా సూది బెజ్జాలు. రెక్క కదిలేటప్పుడు దాని ముందే నీళ్ళు పడతాయి, వెనకే రబ్బరు తుడిచేస్తుంది. బానెట్ కింద మామూలు దానికంటే పెద్ద ట్యాంకు కూడా పెట్టి, మునేష్ అందులో ఒక నీలం క్యాను ఒంపాడు.

"సుమ్నే ఉత్త నీళ్ళు పోసుకోవద్దు మచ్చా. ఈ లిక్విడ్ కలుపు. రాత్రిపూట అద్దానికి కొట్టుకొని చచ్చే పురుగులుంటాయి చూడు, అవి కూడా కరిగిపోతాయి" అన్నాడు.

పురుగుల మాట సోమశేఖర్ విన్నాడు. విని నవ్వాడు కూడా.

అతని అక్క సుమ కాపురం తమక ఊరు దాటి లోపలికి మట్టిదారిలో పోతే వచ్చే పల్లెలో. రాగి చేను, ఆవులు, మల్బరీ తోట, తోట పక్కన పట్టుపురుగుల ఇల్లు. సుమకు మోకాళ్ళ నొప్పులు మొదలయ్యాక పురుగుల ఇంటి పని మొత్తం కోడలు రక్షిత చేతికి వచ్చింది. కొడుకు నందీశ్ నరసాపురం ఫ్యాక్టరీలో షిఫ్టులకు పోతాడు, అతనికి పురుగంటేనే ఒళ్ళు జలదరింపు. రక్షిత వచ్చాక పెంచిన ప్రతి పంటా గూళ్ళు గట్టిగా కట్టింది. ఆ పిల్ల చెయ్యి మంచిదని సుమ ఊరంతా చెప్పుకునేది.

పట్టుపురుగు ఎంత సుకుమారమో పెంచిన వాళ్ళకే తెలుసు. ఆ ఇంట్లోకి అడుగుపెట్టాలంటే బ్లీచింగ్ నీళ్ళలో కాళ్ళు కడగాలి. ఊదుబత్తి వద్దు, పౌడరు వద్దు, బీడీ తాగిన నోటితో లోపలికి తొంగిచూడటం కూడా వద్దు. ముట్టయిన ఆడవాళ్ళు ఆ ఛాయలకే రాకూడదు. ఈ చివరిది ఏ పట్టు అధికారీ చెప్పలేదు, కానీ పల్లెలో మిగతా అన్నిటికంటే దీనికే బలం ఎక్కువ.

ఆ వేసవిలో సుమ వాళ్ళ బోరులో నీళ్ళు తగ్గాయి. పురుగులు నాలుగో జ్వరం లేచాయి, అంటే నాలుగోసారి పొర విడిచి విపరీతంగా మేసే దశకు వచ్చాయి. తోటలో ఆకు చాలలేదు. బేతమంగళం దగ్గర హనుమంతప్ప అనే రైతు తన తోటలో ఆకు ఇస్తానన్నాడు. తెచ్చే టెంపో డ్రైవరు పెళ్ళికి పోయాడు.

"టెంపో ఏమిటికక్కా? నేను లేనా?" అన్నాడు సోమశేఖర్ ఫోన్లో.

నిజం చెప్పాలంటే అతను అజాగ్రత్త మనిషి కాడు. దిబ్బల పొడి ఆకుకు తగులుతుందేమోనని ముందురోజే జీపును పైనా కిందా రెండుసార్లు కడిగాడు. ఆ సంగతి అక్కకు ఫోన్ చేసి చెప్పాడు కూడా. జాగ్రత్త పడటం కంటే జాగ్రత్త పడ్డానని చెప్పుకోవడం అతనికి ఎక్కువ ఇష్టం.

హనుమంతప్ప తోటలో కొమ్మలు మోపులు కట్టి జీపు మీది క్యారియర్‌లో పేర్చారు, పైన తడి గోనెపట్టలు కప్పారు. బయలుదేరేటప్పుడు సుమ ఫోన్ చేసింది. "గోనెలు ఆరనీవద్దప్పా. ఆకు వాడిందంటే పురుగు మూతి కూడా పెట్టదు. దోవలో యాడైనా బోరు కనపడితే నిలిపి తడుపుకో."

దారిలో రైలు గేటు పడింది. ఎండ మండిపోతోంది. గోనెలు అప్పటికే పెళపెళలాడుతున్నాయి. చుట్టుపక్కల బోరు లేదు, కొళాయి లేదు. రైలు జాడ లేదు. ఏం చేయాలా అని చూస్తున్న సోమశేఖర్ కళ్ళు వైపర్ల మీద పడ్డాయి.

అతనికి ఎంత సంతోషం కలిగిందో చెప్పలేను. ఒక గోనెపట్టను అద్దం మీదికి లాగి, లోపలికి వంగి మీట నొక్కాడు. గోనె కింద వైపర్లు అటూ ఇటూ కొట్టుకుంటూ నీళ్ళు వదిలాయి. గోనె తడిసి ముద్దయ్యింది. దాన్ని మోపుల మీద పరిచి ఇంకొకటి లాగాడు. పక్కన ఆగిన ఆటో డ్రైవరు "ఏం తలకాయన్నా నీది!" అన్నాడు. ఆ మాటకు పొంగిపోయి, అతని చేతికే ఫోన్ ఇచ్చి వీడియో తీయించుకున్నాడు. జీపుల గ్రూపులో పెట్టాడు. మునేష్ నుంచి చప్పట్ల బొమ్మలు వచ్చాయి. గోనెల్లోంచి నీళ్ళు ఆకుల్లోకి కారుతూ ఉంటే నిమ్మకాయ వాసన బాగుందని కూడా అనుకున్నాడు.

గేటు లేచింది. పల్లె చేరేసరికి గాలికి వాసన పోయింది. ఆకు పచ్చగా, తాజాగా ఉంది. రక్షిత మోపులు దింపుకుంటూ "చానా బాగా తెచ్చినారు మామా" అంది. సోమశేఖర్ ఆ పూట అక్క చేతి రాగిముద్ద, ఉలవచారు తిని ఇంటికి పోయాడు.

మరుసటి రోజు పొద్దున్నే సుమ ఫోన్ చేసి ఏడ్చింది. అతను ఆఫీసుకు సెలవు పెట్టి పరుగెత్తాడు.

పురుగుల ఇల్లు చూసిన వాళ్ళకు తెలుస్తుంది, ఆ వయసు పురుగులు మేస్తుంటే వాన పడుతున్న చప్పుడు వస్తుంది. ఆ రోజు ఏ చప్పుడూ లేదు. తట్టల నిండా పురుగులు తలలెత్తి అటూ ఇటూ ఊపుతున్నాయి. కొన్ని పచ్చటి నీళ్ళు కక్కి ముడుచుకుపోయాయి. పాత ఆకు మేసిన ఒక మూల తట్టలు మాత్రం బాగున్నాయి. రక్షిత గుమ్మం దగ్గర కూర్చుని చచ్చిన పురుగులను గంపలోకి ఏరుతోంది. ఆమె ఏడవడం లేదు.

"ఇది మందు తగిలిన మాదిరి ఉండాది సోమా" అంది సుమ. "హనుమంతప్ప తోటలో ఏమైనా కొట్టినారా?"

అక్కడే హనుమంతప్పకు ఫోన్ చేశారు. అతని పురుగులు అదే ఆకు మేసి హాయిగా ఉన్నాయి. సుమ ఫోన్ పెట్టేసి తమ్ముడి వైపు తిరిగింది.

"దోవలో ఏమైనా తగిలిందా అప్పా? గోనెలు యాడ తడిపినావు?"

అప్పుడు తెలిసింది అతనికి. నిమ్మకాయ వాసన ముక్కులోకి వచ్చినట్టయింది. పురుగులు కూడా కరిగిపోతాయన్న మునేష్ మాట చెవిలో వినబడింది. సరిగ్గా ఆ క్షణంలో చెప్పేసి ఉంటే అదొక పొరపాటు, అంతే. ఎవరికైనా జరిగేదే. సుమ తిట్టేది, ఒకరోజు అన్నం పెట్టేది కాదు, తర్వాత ఆమే పిలిచి పెట్టేది.

"బోరు కాడ తడిపినానక్కా. ఏమీ తగల్లేదు" అన్నాడు సోమశేఖర్.

ఆకు మంచిది, నీళ్ళు మంచివి. ఇంక మిగిలింది మనుషులే. పరామర్శకు వచ్చిన పక్కింటి సొన్నమ్మ గుమ్మంలో నిలబడి ఒకసారి లోపలికి, ఒకసారి రక్షిత వైపు చూసింది. సొన్నమ్మ చెడ్డది కాదు. ఆ ఇంట్లో కాన్పులకూ చావులకూ ముందు వచ్చేది ఆమే. కానీ ఆమెకు ఏ సంగతికైనా కారణం దొరికేదాకా కాలు నిలవదు.

"ఏమ్మా రక్షితా, నువ్వు బయట ఉండి లోపలికి పోలేదు కదా?" అని అడిగింది అందరి ముందూ.

రక్షిత ముఖం ఎర్రబడింది. "లేదవ్వా. నా దినాలు అయిపోయి చానా రోజులాయె."

"అయితే ఇట్లేమిటికి అయితాది? ఎప్పుడైనా అయినిందా ఈ ఇంట్లో?"

ఈ మాటకు ఏ ఆడది ఏం సాక్ష్యం చూపిస్తుంది? రక్షిత అత్త వైపు చూసింది. సుమ తట్టల వైపు తిరిగింది. సోమశేఖర్ వైపు చూడాలని కూడా ఆ పిల్లకు తోచలేదు, పాపం. అతను పైకప్పు రేకుల వైపు చూస్తూ నిలబడ్డాడు. నోరు తెరిస్తే చాలు. కానీ ఇప్పుడు చెప్పాలంటే అంతకుముందు చెప్పిన అబద్ధం కూడా చెప్పుకోవాలి.

సాయంత్రానికి మాట పాల డైరీకి చేరింది. ఆ పల్లెలో ఏ మాటకైనా డైరీయే కచేరీ. పాలు పోయడానికి క్యాన్లతో వరుసలో నిలబడ్డవాళ్ళు ఈ చివరి నుంచి ఆ చివరికి అందుకున్నారు. రక్షిత క్యాను పట్టుకుని అదే వరుసలో ఉంది. ఆమె వెనక నిలబడిన ఇద్దరు కాస్త ఎడంగా జరిగారు. మరుసటి రోజు నుంచి సుమ పురుగుల ఇంటికి తానే పోసాగింది. "నువ్వింగ కొన్ని దినాలు ఈ పక్క రావద్దులేమ్మా" అంది కోడలితో, మెత్తగానే.

సోమశేఖర్ ఇంటికి వచ్చి మొదట చేసిన పని గ్రూపులో పెట్టిన వీడియో తీసేయడం. "ఏమిటికి తీసేసినావు మచ్చా? సూపర్‌గా ఉన్నింది కదా" అని మునేష్ అడిగాడు. ఫోన్ పక్కన పడేశాడు. తర్వాత షెడ్డులోకి పోయి నీలం క్యాను తిప్పి చూశాడు. తినే వస్తువులకు, పశువులకు దూరంగా ఉంచాలని వెనక చిన్న అక్షరాల్లో రాసి ఉంది. అంత చదువుకున్నవాడు అది అప్పుడు చదివాడు.

ఆ వారమంతా అతను రోజూ అక్కకు ఫోన్ చేశాడు. చెప్పేద్దామనే చేసేవాడు. అక్క గొంతు వినగానే ఆవు ఈనిందా అని అడిగేవాడు. బోరులో నీళ్ళెట్లున్నాయని అడిగేవాడు. రక్షిత సంగతి మాత్రం అడగలేకపోయేవాడు. ఆదివారం స్నేహితులు దిబ్బలకు పిలిస్తే ఒంట్లో బాగాలేదన్నాడు. అన్నం దగ్గర కూర్చుంటే ఆ తట్టల్లో తలలూపిన పురుగులు గుర్తొచ్చేవి. తన మీద తనకే అసహ్యం వేసేది. అయినా ఎవరో అడిగేదాకా చూద్దామన్నట్టు ఊరకే ఉన్నాడు. అడిగేవాళ్ళెవరు?

చివరికి సుమే ఫోన్ చేసింది.

"రక్షితను రేపు వాళ్ళమ్మోళ్ళింటికి పంపిస్తా ఉండామప్పా. కొత్త పురుగు దింపుకుంటాము కదా, గూడు కట్టేదాకా ఆడనే ఉంటాది. జనాల నోళ్ళు కూడా మూసుకుంటాయి. నందీశ్‌కు షిఫ్టు ఉండాది. నువ్వు జీపు తెచ్చి దింపి వస్తావా?"

అతను వస్తానన్నాడు. వేరే ఏమంటాడు?

మర్నాడు మధ్యాహ్నం అతను పోయేసరికి రక్షిత అరుగు మీద సంచి పెట్టుకుని కూర్చుంది. తల దువ్వుకుంది, మంచి చీర కట్టుకుంది. తప్పు చేసినదాన్ని పంపినట్టు కనబడకూడదని కాబోలు. "కూర్చోండి మామా, కాఫీ తెస్తాను" అని లేచింది. పురుగుల ఇంట్లోకి రానీయని పిల్ల అతనికి కాఫీ తెచ్చింది. గ్లాసు అందుకున్నాడు కానీ నోటి దాకా తీసుకుపోలేకపోయాడు.

"అక్కా, ఆ పిల్లను పంపొద్దు" అన్నాడు. "పురుగులు చచ్చింది నా వల్ల. గోనెలు నేను బోరు కాడ తడపలేదు. వైపర్ నీళ్ళతో తడిపినాను. దాంట్లో మందు ఉండాది."

సుమ అతని వైపు జాలిగా చూసింది. "నీ మనసు నాకు తెలీదా సోమా? చిన్నప్పుడూ ఇంతే. నేను కుండ పగలగొడితే నువ్వే పగలగొట్టినానని చెప్పి మన నాయన చేత దెబ్బలు తినేవాడివి. ఈ పిల్ల మీది జాలికి ఇట్లాంటివి చెప్పొద్దు."

ఆ మాట వినగానే సోమశేఖర్ గుండె తేలికపడింది. చెప్పాను, నమ్మలేదు, ఇంక నేనేం చేసేది? అప్రయత్నంగా ఒక నిట్టూర్పు వదిలి కాఫీ గుక్క తాగాడు.

తల ఎత్తేసరికి రక్షిత అతన్నే చూస్తోంది. ఆ నిట్టూర్పు ఆమె చూసింది. దాని అర్థం కూడా తెలిసిపోయింది. అతనికి భూమిలోకి కుంగిపోవాలనిపించింది. చచ్చిన పురుగులను చూసినప్పుడు కూడా అతను అంత సిగ్గుపడలేదు.

"మామా" అంది రక్షిత. "నిజమేనా?"

అతను లేచి జీపు దగ్గరికి పోయాడు. పొద్దున షెడ్డులోంచి తెచ్చి వెనక సీటు కింద పెట్టుకున్న నీలం క్యానును తీసుకొచ్చి అరుగు మీద పెట్టాడు. గేటు దగ్గర ఏం చేశాడో, ఆటోవాడు ఏమన్నాడో, వీడియో ఎందుకు తీసేశాడో మొత్తం చెప్పాడు. సుమ క్యాను మూత తీసి వాసన చూసింది. తర్వాత గోడకు ఆనుకుని కూలబడింది. కొట్టంలో ఆవు ఒకసారి అరిచింది.

"ఆ పొద్దే చెప్పకూడదా రా?" అంది సుమ చివరికి. ఇంకేం తిట్టలేదు. కొంగుతో ముఖం తుడుచుకుని, వీధి వైపు చూసి, గొంతు తగ్గించింది. "సరే, అయిపోయింది. రక్షితా, సంచి లోపల పెట్టమ్మా. నువ్వు యాడికీ పోవద్దు. ఈ మాట మటుకు ఇంట్లోనే ఉండనీ. ఊళ్ళో మామకు ఒక మర్యాద ఉండాది. తెలిసిందంటే నవ్వుతారు."

"నా మాట ఇంట్లో ఉన్నిందా అత్తా?" అంది రక్షిత.

సుమ నీలం క్యానుకు మూత బిగిస్తూ తల దించుకుంది.

"నన్నన్నది డైరీ కాడ. నేను క్యాను పట్టుకొని నిలబడి ఉన్నప్పుడు. నా దినాలు లెక్కబెట్టినారు ఆడ, మగోళ్ళ ముందర. మామ చెప్పేది కూడా ఆడనే చెప్పల్ల." ఆమె గొంతు పెంచలేదు. కొట్టంలోకి పోయి పాలు పితకడానికి కూర్చుంది.

పాలు పితికేంతసేపూ సోమశేఖర్ అరుగు మీద కూర్చున్నాడు. జీపెక్కి వెళ్ళిపోవచ్చు. అక్క ఆపదు, ఆ పిల్ల కూడా ఆపదు. తాళంచెవి జేబులోనే ఉంది. వెళ్ళిపోతే తానెలాంటి మనిషో తనకు తెలిసిపోతుంది, ఇంకెప్పటికీ మరిచిపోలేడు. రక్షిత క్యాను తీసుకుని అతని ముందు నుంచే వీధిలోకి నడిచింది, పిలవలేదు. అతను లేచి ఆమె వెనక నడిచాడు. సుమ కూడా కుంటుకుంటూ వెనకే వచ్చింది.

డైరీ ముందు వరుస అప్పటికే రోడ్డు దాకా ఉంది. సొన్నమ్మ మధ్యలో ఉంది. అతన్ని చూసి నవ్వింది. "ఏమప్పా సోమా, నడిచి వచ్చినావే? జీపు యాడ?"

రక్షిత అందరినీ దాటుకుని పోయి వరుస చివర, తన చోటులో నిలబడింది. సోమశేఖర్ డైరీ మెట్టు దగ్గర ఆగాడు. కుర్చీలో కూర్చుని పాలు కొలిచే మనిషి కూడా తల ఎత్తి చూశాడు. సోమశేఖర్‌కు కాలేజీలో మీటింగుల్లో మాట్లాడే అలవాటు ఉంది. ఆ గొంతు ఎక్కడికి పోయిందో తెలియదు.

"మా అక్కోళ్ళ పురుగులు చచ్చింది నా వల్ల" అన్నాడు నేల చూస్తూ. "ఆకు మీద మందునీళ్ళు పోసింది నేను. తెలీక పోసినాను. తెలిసినాక దాచిపెట్టినాను. ఆ పిల్ల ఏ తప్పూ చేయలేదు."

దగ్గరున్న వాళ్ళు మాటలు ఆపారు. సొన్నమ్మ నవ్వు ఆగిపోయింది. ఆమె వంగి తన క్యాను మూత సరిచేసుకుంటూ ఉండిపోయింది. వెనక ఉన్నవాళ్ళు ఏమైంది, ఏమన్నాడు అని ఒకరినొకరు అడుగుతున్నారు.

"ఇంగొంచెం గట్టిగా చెప్పండి మామా" అంది రక్షిత వరుస చివరి నుంచి. "నన్నన్నప్పుడు ఈడిదాకా వినపడింది."

సోమశేఖర్ తల ఎత్తాడు. ఊరంతా అతన్నే చూస్తోంది. అతను గొంతు సవరించుకుని మళ్ళీ మొదటి నుంచి చెప్పడం మొదలుపెట్టాడు.